కంపెనీ వద్దని గ్రామసభలో తీర్మానం చేస్తే నిజంగా ఆగుతుందా?

బత్తాయి తోట:
మాది ఉమ్మడి నల్లగొండ జిల్లా. ఊరి పేరు ఇప్పుడే పెట్టను, ఏమనుకోకండి. ఏడాది నుంచి బ్రోకర్లు తిరిగి రోడ్డు వైపు పట్టా భూములు ముక్కలు ముక్కలుగా కొన్నారు. ఒకరితో వెంచర్ అన్నారు, ఇంకొకరితో ఫామ్‌హౌస్ అన్నారు. మొన్న కడీలు పాతి ఫెన్సింగ్ వేశాక తెలిసింది, కెమికల్ కంపెనీ అట. మా చెరువు సరిగ్గా ఆ భూముల కిందే ఉంది, వాన పడితే అక్కడి నీళ్లన్నీ దిగేది దాంట్లోకే. దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్ పాలనలో గ్రామసభ అన్నమాటే వినలేదు, 2025 డిసెంబర్ ఎన్నికల్లో కొత్త సర్పంచ్ వచ్చాడు, మనిషి మంచోడే. వద్దని తీర్మానం చేసి కలెక్టర్‌కు పంపిద్దాం అని కుర్రాళ్లం అంటున్నాం. రిటైర్డ్ టీచర్ ఒకాయన ఒడిశాలోని నియమగిరి, కేరళలోని ప్లాచిమడ ఉదాహరణలు చెప్తున్నాడు. ఇంకొందరేమో తీర్మానం చిత్తు కాగితం, ఊరికే టెన్షన్ పడకండి అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? పర్యావరణ అనుమతికి ముందు ఊరి జనం అభిప్రాయం అడిగే హియరింగ్ నోటీసు ఇంకా రాలేదు.

కాగితాల పులి:
నియమగిరిని మీ ఊరితో పోల్చకండి. అక్కడ బాక్సైట్ గని గురించి 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే గ్రామసభలను అడగమంది, 12 ఊళ్లలో సభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి, 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ గని అనుమతి నిరాకరించింది. కానీ అది అడవి, షెడ్యూల్డ్ ప్రాంతం, అటవీ హక్కుల చట్టం ఉంది. గిరిజన ప్రాంతాల గ్రామసభలకు ఎక్కువ అధికారాలిచ్చే పెసా చట్టం మన దక్షిణ తెలంగాణలో వర్తించేది అమ్రాబాద్ వైపు నల్లమలలో కొన్ని ఊళ్లకే. మీది పట్టా భూమి, పైగా కంపెనీ కొనుక్కుంది. సర్కారు సేకరించి ఇస్తే 2013 భూసేకరణ చట్టం కింద ప్రైవేటు కంపెనీకి 80 శాతం మంది ఒప్పుకోవాలని అడగొచ్చు, అమ్ముకున్నాక ఆ మాట ఎత్తడానికి లేదు. బ్రోకర్లు ముక్కలుగా కొనేది అందుకు కూడా.

ప్లాచిమడ కథ చాలామంది సగమే చెప్తారు. పెరుమాట్టి పంచాయతీ 2003లో కోకాకోలా లైసెన్సు రెన్యువల్ చేయనంది, 2004 మార్చిలో ప్లాంటు ఆగింది, అక్కడితో కథ అయిపోయినట్టు. 2005లో హైకోర్టు డివిజన్ బెంచ్ కంపెనీకి అనుకూలంగానే తీర్పు ఇచ్చింది. అయినా ప్లాంటు తెరుచుకోలేదు, ఎందుకంటే 2002 ఏప్రిల్ నుంచి గేటు ముందు కూర్చున్న జనం లేవలేదు, పంచాయతీ కూడా కోర్టుల చుట్టూ తిరగడం మానలేదు. చివరికి 2017లో కంపెనీయే సుప్రీంకోర్టులో ఇక తెరిచే ఉద్దేశం లేదని చెప్పుకుంది.

మన దగ్గర 2014లో టీఎస్ ఐపాస్ చట్టం వచ్చాక అనుమతులన్నీ ఒకే కిటికీలోంచి గడువు లోపల వెళ్తాయి. సర్పంచ్ సంతకం పెట్టకపోతే పని ఆగిపోతుందన్న ఆశ పెట్టుకోకండి. తీర్మానం మాత్రం తప్పకుండా చేయండి, రేపు హియరింగ్‌లోనూ కోర్టులోనూ చూపించేది అదే. ‘వద్దు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి, చెరువు కింద ఆయకట్టు ఎంత, బోర్లు ఎన్ని, తాగునీళ్లు ఎక్కడి నుంచి, అన్నీ అందులోకి ఎక్కాలి.

దేవరకొండ రోడ్:
పై అన్న చట్టం చెప్పాడు, నేను రిజిస్టర్ సంగతి చెప్తా. మా దగ్గర వేరే విషయంలో గ్రామసభ పెట్టారు. ముందు హాజరు పేరుతో అందరి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు, పైన సగం పేజీ ఖాళీ. తీర్మానం తర్వాత రాసుకుంటాం అన్నారు. రాసింది చూస్తే మేం మాట్లాడిన మాట ఒక్కటీ లేదు. కాబట్టి తమ్మీ, తీర్మానం మొత్తం రాసి, పైకి చదివి వినిపించి, చివరి లైన్ కింద గీత కొట్టాకే సంతకాలు. ఆ పేజీ అక్కడికక్కడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో. తర్వాత సర్టిఫైడ్ కాపీ కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదు. చాటింపు ముందురోజే వేయించండి, వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకుంటే ముసలోళ్లు, ఆడవాళ్లు రారు. అసలు రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టమే చెప్తుంది, కార్యదర్శి కుదరదంటే అదే చూపించు.

ఓపిక సంగతి అడిగితే మా లంబాపూర్, పెద్దగట్టు చూడు. యురేనియం గనికి 2003 ఆగస్టులో హియరింగ్ పెట్టారు, అది ప్రైవేటు కూడా కాదు, సర్కారు కంపెనీ. ఇన్నేళ్లయినా తవ్వకం మొదలుకాలేదు. 2019లో నల్లమలలో మళ్లీ యురేనియం అంటే గొడవ పెద్దదై సెప్టెంబర్‌లో అసెంబ్లీయే వద్దని తీర్మానం చేసింది.

బతుకుదెరువు:
అందరూ ఆపమనే చెప్తున్నారు, నేనొకటి అడుగుతా. భూమి ఉన్నోళ్లు మంచి రేటుకు అమ్ముకున్నారు, తోటలున్నోళ్లు వద్దంటున్నారు, మధ్యలో గుంట భూమి లేనోడి మాటేంది? మాది పాలమూరు, మా నాన్న బతుకంతా బొంబాయి, పుణె సైట్లల్లోనే గడిచింది. ఊరి పక్క గేటు దగ్గర సెక్యూరిటీ పని దొరికినా చాలనుకునేటోళ్లు మీ ఊళ్లో లేరా? వాళ్లను అడగకుండా ‘మా ఊరు మా ఇష్టం’ అంటే ఆ ‘మా’లో ఎవరున్నట్టు?

బత్తాయి తోట:
ఉన్నారన్నా. మా కమిటీలో పదకొండు మందిమి ఉంటే పది మంది భూమి ఉన్నోళ్లమే. నిజంగా దీని గురించి మేం మాట్లాడుకోలేదు.

ఊట బావి:
కంపెనీ మొదట పట్టుకునేది కూడా వాళ్లనే తమ్ముడూ. గుడికి చందా, కుర్రాళ్లకు క్రికెట్ కిట్లు, నలుగురికి సూపర్‌వైజర్ పోస్టు మాట, అంతే, ఊరు రెండైపోతుంది. కాబట్టి కూలి చేసేవాళ్లను, చెరువులో చేపలు పట్టే ముదిరాజ్‌లను, గొర్లకాపరులను ముందే కమిటీలో కూర్చోబెట్టండి. చెరువు పాడైతే మొదట దెబ్బ తగిలేది వాళ్లకే. ఉద్యోగాలు ఎన్ని, పర్మనెంటా కాంట్రాక్టా, ఊరివాళ్లకు ఎన్ని అని కంపెనీని కాగితం మీద అడగండి. జవాబు రాకపోతే అది కూడా ఒక జవాబే, ‘బతుకుదెరువు’ అన్నకు చూపించొచ్చు.

నేను ఉమ్మడి మహబూబ్‌నగర్. ఇథనాల్ ఫ్యాక్టరీల గొడవ దగ్గర నుంచి చూశాను. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ మాత్రమే చేసే కొన్ని రకాల ప్లాంట్లకు 2021లో కేంద్రం కేటగిరీ మార్చి హియరింగే అవసరం లేకుండా చేసింది. అందుకే మీ కంపెనీ ఏం తయారు చేస్తుందో, ఏ కేటగిరీలో దరఖాస్తు పెట్టిందో ముందు కనుక్కోండి. పర్యావరణ శాఖ పరివేష్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. హియరింగ్ ఉంటే కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు రావాలి, పర్యావరణ ప్రభావ రిపోర్టు సారాంశం తెలుగులో దొరకాలి. హియరింగ్ బహిష్కరిస్తే ఆగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, దానికి కోరం అనేదే లేదు, పది మంది వచ్చినా నడిపిస్తారు. వెళ్లి మాట్లాడండి, రాతపూర్వకంగా కూడా ఇవ్వండి, చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలని పట్టుబట్టండి, అది రూల్‌లోనే ఉంది. అనుమతి వచ్చేస్తే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 30 రోజులే గడువు, కారణం చూపిస్తే ఇంకో 60.

ఇంకో మాట, కోపం వస్తుంది, రాళ్లు మాత్రం ముట్టుకోవద్దు. 2024 నవంబర్‌లో వికారాబాద్ జిల్లా లగచర్లలో అధికారుల మీద దాడి తర్వాత ఏమైందో చూశాం కదా, సర్కారు ఫార్మా భూసేకరణ నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంది గానీ రైతులు జైళ్లకు వెళ్లి వచ్చారు.

పాత నల్లగొండ:
ఇప్పటి పిల్లలకు తెలియదేమో, 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినబడాలని జలసాధన సమితి వేయించిన నామినేషన్లు. బ్యాలెట్ పేపర్ పుస్తకంలా అచ్చేయాల్సి వచ్చింది. గెలవడానికి కాదు, లెక్కలోకి రావడానికి చేసిన పని అది.

బత్తాయి తోట:
అందరికీ థ్యాంక్స్. గ్రామసభ కంటే ముందు కూలివాళ్లతో, గంగమ్మ గుడి దగ్గర మత్స్యకారుల సంఘంతో కూర్చుంటాం. ఒక డౌట్, చెరువు నీళ్లు ఇప్పుడే టెస్ట్ చేయించాలా, కంపెనీ వచ్చాకా?

కాగితాల పులి:
ఇప్పుడే. కంపెనీ వచ్చాక చేయిస్తే ‘నల్లగొండ నీళ్లు ముందు నుంచీ ఇంతే, ఫ్లోరైడ్ మీకు కొత్తా’ అంటారు. చెరువు నీళ్లు, దాని చుట్టూ ఉన్న బోర్ల నీళ్లు గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి, ఫ్లోరైడ్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క)తో పాటు భార లోహాలు కూడా చూడమనండి. శాంపిల్ తీసేటప్పుడు సర్పంచ్, కార్యదర్శి అక్కడే ఉండాలి, సీసా మీద తేదీ, సర్వే నంబర్ రాసి పంచనామా మీద సంతకాలు పెట్టించండి. ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఇంకోసారి.