అమెరికా ఫారంలో 'మెట్రిక్యులేషన్' అంటే మన పదో తరగతేనా?

ప్రశ్న (కావలి):
మా తమ్ముడు బీటెక్ చివరి సంవత్సరం. అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేస్తుండాడు. ఫారంలో ఒకచోట 'మెట్రిక్యులేషన్ టర్మ్' అని ఉంది. కిందికి పోతే 'ఇంతకుముందు ఎక్కడైనా మెట్రిక్యులేట్ అయ్యారా' అని ఇంకో ప్రశ్న. పది 2020లో పాసయ్యాడు. రెండుచోట్లా అదే వెయ్యాలా?

జవాబు 1 (నెల్లూరు):
వెయ్యొద్దు. అక్కడ ఆ మాటకు డిగ్రీ విద్యార్థిగా యూనివర్సిటీ రిజిస్టర్లో పేరెక్కడం అని అర్థం. లాటిన్‌లో మెట్రిక్యులా అంటే పేర్ల పట్టిక. కాబట్టి మొదటిదానికి చేరబోయే టర్మ్, అంటే 2026 ఫాల్ (ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే సెమిస్టర్). రెండోదానికి 'అవును' పెట్టి బీటెక్ కాలేజీ పేరు, చేరిన నెల, ముగిసే నెల ఇవ్వండి. మధ్యలో కాలేజీ మారుంటే పాతదీ రాయాలి. వదిలేస్తే దాచినట్టు లెక్కేస్తారు.

ఇంకోటి. అడ్మిట్ లెటర్ రాగానే మెట్రిక్యులేట్ అయిపోయినట్టు కాదు. అక్కడికెళ్లి కోర్సులకు రిజిస్టర్ అయితేనే. లెటర్లో 'మెట్రిక్యులేషన్‌కు ముందు ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ (అన్ని సెమిస్టర్ల మార్కుల పత్రం) అందాలి' అని ఉంటుంది చూడండి, మనవాళ్లు ఇరుక్కునేది అక్కడే. చివరి సెమిస్టర్ రిజల్ట్, ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఆపైన సీల్డ్ ట్రాన్‌స్క్రిప్టు, ఒకదాని తర్వాత ఒకటి రావాలి. నెల్లూరు కాలేజీలు చాలావరకు అనంతపురం జేఎన్‌టీయూ కింద, ప్రకాశంవి కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉంటాయి. రిజల్ట్ వచ్చిన వెంటనే దరఖాస్తు పెట్టుకోండి, వీసా అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. బ్యాక్‌లాగ్ (పాసవ్వని సబ్జెక్టు) ఉంటే ప్రొవిజనలే రాదు.

జవాబు 2 (ఒంగోలు):
మనకు మెట్రిక్యులేషన్ అంటే పది అన్న అర్థం మద్రాసు యూనివర్సిటీ నుంచి వచ్చింది. 1857లో పెట్టిన ఆ యూనివర్సిటీలో చేరాలంటే మెట్రిక్యులేషన్ పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్ష పేరే చివరికి బడి చదువు ముగింపుకు పేరైంది. ప్రీ-మెట్రిక్ హాస్టల్ అంటే పది వరకు, పోస్ట్-మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటే ఇంటర్ నుంచి పైకి. తడ దాటి తమిళనాడులోకి పోతే 'మెట్రిక్యులేషన్ స్కూల్' బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి.

కేంద్ర ఉద్యోగాల ఫారాల్లో మాత్రం ఇది పదో తరగతే. రోల్ నంబరు అన్నచోట పది హాల్‌టికెట్ నంబరు వెయ్యాలి. పేరు స్పెల్లింగు, పుట్టినతేదీ పది సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉండాలి, ఆధార్ చూసి కొట్టకూడదు. మన పది సర్టిఫికెట్ ఎస్సెస్సీ, ఉద్యోగాలిచ్చే స్టాఫ్ సెలక్షన్ కమిషనూ ఎస్సెస్సీయే, ఇదొక తలనొప్పి.

జవాబు 3:
ఎస్‌ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసంలో) జాగ్రత్త. 'ఫలానా కాలేజీ నుంచి మెట్రిక్యులేట్ అయ్యాను' అని రాసి, డిగ్రీ పూర్తిచేశానని అనుకుంటారు కొందరు. తప్పు. అది చేరడానికి వాడే మాట. పూర్తిచెయ్యడం గ్రాడ్యుయేట్. పది గురించి చెప్పాలంటే 'టెన్త్ గ్రేడ్' అని రాస్తే చాలు.

'నాన్-మెట్రిక్యులేటెడ్' ఆప్షన్ జోలికి పోవద్దు. డిగ్రీ అక్కర్లేకుండా విడి కోర్సులు చదివేవాళ్లకది. ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కావాల్సినవాళ్లకు మామూలుగా పనికిరాదు. జర్మనీకీ అప్లై చేస్తుంటే అక్కడ చేరడం 'ఇమ్మాట్రికులేషన్', పేరు తీసేయించుకోవడం 'ఎక్స్‌మాట్రికులేషన్'. చేరాక ఇచ్చే మాట్రికెల్ నంబరుతోనే పరీక్షలన్నీ.

టర్మ్ డ్రాప్‌డౌన్‌లో 2026 ఫాల్ కనపడకపోతే దగ్గర్లో ఉందని స్ప్రింగ్ నొక్కొద్దు. ఫీజు కట్టాక మార్చడం కష్టం. ముందు డిపార్ట్‌మెంటుకు మెయిల్ పెట్టండి.