రూబ్రిక్ పెట్టి దిద్దితే మంచి వ్యాసం ఓడిపోతోంది, మీరేమంటారు?

ఎర్రసిరా:
ఈ ఏడాది నుంచి వ్యాసాలన్నీ రూబ్రిక్ ప్రకారమే, అంటే ఏ అంశానికి ఎన్ని మార్కులో వరసలుగా ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారమే దిద్దమన్నారు. భావం, అమరిక, భాష, అక్షరదోషాలు, ఒక్కోదానికి 5 మార్కులు. ఒకమ్మాయి వాళ్ళ తాతయ్య చేతుల గురించి రాసింది, ఉపోద్ఘాతం లేదు, ముగింపు లేదు, రాత నిండా తప్పులే, అయినా చదివాక కాసేపు ఇంకో కాగితం ముట్టుకోలేకపోయాను. మార్కులేమో 5, 1, 4, 1, మొత్తం 11. తప్పుల్లేని, ప్రాణమూ లేని పక్క వ్యాసానికి 2, 5, 5, 5, అంటే 17. ఇదేం కొలతండీ?

పాతసుద్దముక్క:
రూబ్రిక్ లేకపోతే ఏమవుతుందో కూడా చూడండి మేడమ్. 1961లో అమెరికాలో డీడరిక్ అనే పరిశోధకుడి బృందం 300 వ్యాసాల్ని 53 మందికిచ్చి, ఏ కొలబద్దా చెప్పకుండా 9 గ్రేడ్లలో దిద్దమంది. 94 శాతం వ్యాసాలకి ఒక్కోదానికి ఏడు, అంతకంటే ఎక్కువ రకాల గ్రేడ్లు పడ్డాయి! కట్ట ఎవరి బల్ల మీద పడితే వాళ్ళ మార్కు. చేతిరాత ముత్యాల్లా ఉంటే నేనే రెండు మార్కులు ఎక్కువేసేవాణ్ణి, తెలీకుండానే.

ఎర్రసిరా:
ఆ అధ్యయనం నాకూ తెలుసు సార్. దిద్దినవాళ్ళు దేన్ని బట్టి విడిపోయారో కూడా తేల్చారు కదా: భావాలు, అమరిక, తప్పులు, పదాలు, ఐదోది రాసినవాళ్ళ తనదైన ధోరణి. మా రూబ్రిక్‌లో లేనిది సరిగ్గా ఆ ఐదోదే.

చివరిబెంచీ:
విద్యార్థిగా చెప్తున్నా, రూబ్రిక్ ముందే ఇస్తే టెన్షన్ తగ్గేది, నిజం. కానీ "ఉదాహరణలు ఉన్నాయా" అని ఒక వరస కనబడితే చాలు, అక్కర ఉన్నా లేకున్నా మూడు అతికించేసేవాణ్ణి.

పాతసుద్దముక్క:
భావానికి 8, దోషాలకి 2 చేసి చూడండి.

ఎర్రసిరా:
చూశా. ఆ అమ్మాయికి 13, పక్కదానికి 15. ఇంకా వెనకే! మార్కుల పంపకం మారిస్తే సరిపోదు, అమరిక వరసలో రాసిన మాటే తప్పు. "ఉపోద్ఘాతం, ముగింపు ఉండాలి" అని ఉంది. "ఒక పేరా చదివితే తర్వాతది చదవాలనిపిస్తుందా" అని ఉంటే ఆమెకి 1 కాదు, 4 వేస్తా.

పాతసుద్దముక్క:
అంటే మీకు నచ్చిన వ్యాసం గెలిచేదాకా కొలబద్దని వంచుతారన్నమాట.

ఎర్రసిరా:
ఈ ఒక్కదానికైతే అవును. అందుకే పేర్లు మూసేసి ఇంకో పది వ్యాసాలు ఈ కొత్త మాటతో దిద్దుతా. అవే పది మీరూ దిద్దుతారా, ఎంత తేడా వస్తుందో చూద్దాం?