పోస్ట్‌గ్రెస్: గ్రూప్‌కి గ్రాంట్ ఇచ్చినా కొత్త టేబుల్ కనిపించట్లేదు, రివోక్ చేసినా పాత టేబుల్ కనిపిస్తోంది

ప్రశ్న:
పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, వెర్షన్ 15. యూజర్లు ముప్పై మంది. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి టేబుల్ వారీగా గ్రాంట్లు (ఇచ్చిన హక్కులు) ఉండేవి, ఇప్పుడు గ్రూపుల్లోకి మారుస్తున్నాం. రిపోర్ట్_రీడ్ అనే నోలాగిన్ రోల్ (ఎవరూ నేరుగా లాగిన్ కాలేని, గ్రూప్‌లా వాడే ఖాతా) పెట్టి, సేల్స్ స్కీమా (టేబుల్స్ ఉండే విభాగం) మీద యూసేజ్, ఆల్ టేబుల్స్ మీద సెలెక్ట్ (చదివే హక్కు) ఇచ్చి, రిపోర్టులు తీసేవాళ్లను అందులో చేర్చాం. రెండు చోట్ల ఆగిపోయాం.

ఒకటి, డిప్లాయ్ అనే యూజర్ కొత్త టేబుల్ క్రియేట్ చేసిన ప్రతిసారీ గ్రూప్‌లో అందరికీ పర్మిషన్ డినైడ్ వస్తోంది. అడ్మిన్‌గా లాగిన్ అయి ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ (ఇకపై వచ్చే టేబుల్స్‌కి ముందే హక్కులు పెట్టే కమాండ్) రన్ చేసినా మార్పు లేదు. రెండు, జీతాల టేబుల్ ఒక్కటి ఒక యూజర్ చూడకూడదని అతని హక్కుని రివోక్ చేశాం (వెనక్కి తీసుకున్నాం). ఎర్రర్ ఏమీ రాలేదు, కానీ అతను ఇంకా చదవగలుగుతున్నాడు.

జవాబు 1:
మొదటిదానికి చెప్తాను. "ఆల్ టేబుల్స్" అంటే ఆ కమాండ్ నడిచిన క్షణానికి స్కీమాలో ఉన్నవి మాత్రమే. తర్వాత వచ్చేవాటికి డిఫాల్ట్ ప్రివిలేజెస్ కావాలి, కానీ అవి స్కీమాకి కాదు, టేబుల్‌ని క్రియేట్ చేసే రోల్‌కి అతుక్కుని ఉంటాయి. ఫర్ రోల్ రాయకపోతే కమాండ్ నడిపినవాళ్లకే వర్తిస్తుంది. మీరు అడ్మిన్‌గా నడిపారు, టేబుల్స్ చేస్తున్నది డిప్లాయ్. అందుకే ఫలితం లేదు.

ఫర్ రోల్ డిప్లాయ్ అని రాస్తే ఈపూటకి సరిపోతుంది. రేపు టేబుల్ ఇంకెవరో క్రియేట్ చేస్తే కథ మళ్లీ మొదటికే. ఓనర్‌షిప్‌ని కూడా ఒక గ్రూప్‌కే ఇచ్చేయండి:

క్రియేట్ రోల్ యాప్_ఓనర్ నోలాగిన్;
గ్రాంట్ యాప్_ఓనర్ టు డిప్లాయ్;
గ్రాంట్ యూసేజ్, క్రియేట్ ఆన్ స్కీమా సేల్స్ టు యాప్_ఓనర్;
ఆల్టర్ రోల్ డిప్లాయ్ సెట్ రోల్ టు యాప్_ఓనర్;
ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ ఫర్ రోల్ యాప్_ఓనర్ ఇన్ స్కీమా సేల్స్ గ్రాంట్ సెలెక్ట్ ఆన్ టేబుల్స్ టు రిపోర్ట్_రీడ్;

నాలుగో లైన్ వదిలేయకండి. డిప్లాయ్ ఆ గ్రూప్‌లో సభ్యుడైనంత మాత్రాన టేబుల్ గ్రూప్ పేరు మీదికి రాదు. సెట్ రోల్ అయ్యుంటేనే, అంటే ఆ గ్రూప్ పేరుతో పనిచేస్తుంటేనే వస్తుంది. ఆ సెట్టింగ్ కొత్త లాగిన్ నుంచే పనిచేస్తుంది కాబట్టి కనెక్షన్ పూల్‌ని (తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడే కనెక్షన్లను) రీస్టార్ట్ చేయండి. పాత టేబుల్స్ ఓనర్‌షిప్‌ని రీఅసైన్ ఓన్డ్ బై డిప్లాయ్ టు యాప్_ఓనర్‌తో మార్చుకోవచ్చు. ఇప్పటికే ఉన్న టేబుల్స్ మీద డిఫాల్ట్ ప్రివిలేజెస్ పనిచేయవు, వాటికి ఆల్ టేబుల్స్ గ్రాంట్ ఇంకోసారి నడపాలి.

జవాబు 2:
రెండో ప్రశ్నకి: పోస్ట్‌గ్రెస్‌లో "వద్దు" అని చెప్పే పర్మిషన్ లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో (మైక్రోసాఫ్ట్ డేటాబేస్) డినై ఉంది, ఇక్కడ ఇవ్వడం, ఇచ్చింది తీసుకోవడం అంతే. ఆ యూజర్‌కి నేరుగా ఇచ్చిన గ్రాంట్ ఉంటే అది పోయింది, లేకపోతే రివోక్ చప్పుడు లేకుండా ఏమీ చేయకుండా ముగిసింది. గ్రూప్ నుంచి వచ్చే హక్కు అలాగే ఉంది. కాలమ్ మీద రివోక్ చేసినా ఇదే సంగతి. టేబుల్ మొత్తం మీద సెలెక్ట్ ఉండగా అది పనిచేయదు.

జీతాల టేబుల్‌ని వేరే స్కీమాకి మార్చి, దానికి వేరే గ్రూప్ పెట్టండి. గ్రూప్‌కి మినహాయింపు అవసరమైందంటే ఆ గ్రూప్ సరిగా విడదీయలేదనే అర్థం. హక్కు ఎక్కడి నుంచి వస్తోందో పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్ కమాండ్‌లైన్ టూల్) \డీపీ చూపిస్తుంది. సమానం గుర్తుకి ముందు పేరు ఖాళీగా ఉంటే అది పబ్లిక్, అంటే అందరికీ ఉన్నట్టు. తుది ఫలితం కావాలంటే హ్యాజ్_టేబుల్_ప్రివిలేజ్ ఫంక్షన్ వాడండి, గ్రూపుల ద్వారా వచ్చేవి కూడా లెక్కేసి చెప్తుంది.

ప్రశ్న అడిగినవారు:
రెండూ సరిపోయాయండీ, చాలా థాంక్స్. ఇంకో రెండు మాటలు. రాసే గ్రూప్‌కి ఇన్సర్ట్ ఇచ్చినా సీక్వెన్స్ (వరుస నంబర్లు ఇచ్చేది) మీద పర్మిషన్ డినైడ్ అంటోంది. ఉద్యోగం మానేసిన ఒకరి రోల్ డ్రాప్ చేయబోతే ఆబ్జెక్ట్స్ ఆధారపడి ఉన్నాయని ఆపేస్తోంది.

జవాబు 3:
సీరియల్ కాలమ్ (నంబర్ దానంతట అదే పడేది) వెనక ఉండే సీక్వెన్స్‌కి విడిగా యూసేజ్ కావాలి. ఆల్ సీక్వెన్సెస్ మీద ఒకసారి, డిఫాల్ట్ ప్రివిలేజెస్‌లో ఆన్ సీక్వెన్సెస్ అని ఒకసారి ఇవ్వండి. అదే పని చేసే ఐడెంటిటీ కాలమ్ అయితే ఈ బాధ ఉండదు.

వెళ్లిపోయినవాళ్ల విషయంలో డ్రాప్ గురించి తర్వాత, ముందు ఆల్టర్ రోల్‌తో నోలాగిన్ చేయండి. ఇప్పటికే తెరిచి ఉన్న సెషన్లు దాంతో తెగవు, వాటిని పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్‌తో తెంచాలి. తర్వాత, ఆ రోల్‌కి ఏమైనా ఉన్న ప్రతి డేటాబేస్‌లోకీ విడివిడిగా వెళ్లి ముందు రీఅసైన్ ఓన్డ్ (ఓనర్‌షిప్ వేరే రోల్‌కి మార్చడం), ఆ తర్వాతే డ్రాప్ ఓన్డ్ (మిగిలినవి, హక్కులతో సహా తీసేయడం). ఈ వరుస తిరగేస్తే ఆ రోల్ పేరు మీదున్న టేబుల్స్ డేటాతో సహా పోతాయి, దయచేసి ఇక్కడ తొందరపడకండి. అన్ని డేటాబేసుల్లో అయ్యాక డ్రాప్ రోల్. గ్రూప్ సభ్యత్వాలు దాంతోపాటే పోతాయి.

జవాబు 1:
ఒకటి చెప్పడం మర్చిపోయాను. సూపర్‌యూజర్, క్రియేట్‌డీబీ, క్రియేట్‌రోల్ లాంటి ప్రత్యేక అధికారాలు గ్రూప్‌కి పెట్టినా సభ్యులకు వాటంతట అవి రావు, సెట్ రోల్ చేసుకున్నప్పుడే పనిచేస్తాయి.

జవాబు 4:
ఇదే పద్ధతి మైఎస్‌క్యూఎల్ (ఇంకో డేటాబేస్) 8.0లో పెట్టేవాళ్లకి: అక్కడ రోల్ గ్రాంట్ చేసినంత మాత్రాన లాగిన్‌లో యాక్టివ్ అవ్వదు. సెట్ డిఫాల్ట్ రోల్ ఆల్ టు అని యూజర్‌కి చెప్పాలి, లేదా యాక్టివేట్_ఆల్_రోల్స్_ఆన్_లాగిన్ ఆన్ చేయాలి. సెలెక్ట్ కరెంట్_రోల్() అడిగితే నన్ అని వస్తే కారణం ఇదే.