సర్వేయర్ రాకముందే ఎగిరిన రేకులు మార్చేస్తే క్లెయిమ్ పోయినట్టేనా?

హాలియా అబ్బాయి
నమస్కారం. నేను హైదరాబాదులో ఉంటాను. అమ్మానాన్నలు హాలియా దగ్గర ఊళ్లో ఉంటారు. కింద స్లాబు ఇల్లు, పైన ఇనుప రేకులతో ఒక పెద్ద గది. రోహిణి కార్తె మొదలైన మూడో రోజు సాయంత్రం ఈదురుగాలికి రేకులు లేచిపోయాయి. తూర్పు వైపు పిట్టగోడ కూలి తులసికోట మీద పడింది. ఇరవై నాలుగు రేకుల్లో పద్నాలుగు పోయాయి. 2022లో ఇంటి లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లు ఇంటికి బీమా పాలసీ కట్టించిన సంగతి గుర్తొచ్చి మర్నాడే బీమా కంపెనీకి ఫోన్ చేసి చెప్పాను. నష్టం లెక్క కట్టే బీమా సర్వేయర్ వచ్చింది తొమ్మిదో రోజున. ఈలోగా నాలుగో రోజు మళ్లీ వాన పట్టుకుంది. నాన్న ఆగలేక కొత్త రేకులు వేయించాడు. వంగిన పాతవాటిని పాత ఇనుము వాడికి అమ్మేశానన్నాడు.

మేము అడిగింది 2,10,000. వాళ్లు లెక్క కట్టింది 41,300. కారణాలు మూడు చెప్పారు. ఎగిరాయనడానికి ఆధారం ఉన్నవి ఎనిమిది రేకులేనట. కొక్కేలు ముందే తుప్పు పట్టాయట. ఇల్లు పదహారు లక్షలు చేస్తే పాలసీ తొమ్మిది లక్షలకే ఉంది కాబట్టి ఆ నిష్పత్తిలో కోత వేశారట. శనివారం లోపు అంగీకార పత్రం మీద సంతకం పెట్టి పంపమంటున్నారు. పెట్టమంటారా, కొట్లాడమంటారా?

కొల్లాపూర్ మామిడి
వచ్చింది తీసుకో తమ్ముడూ. మాకు అదీ రాలేదు.

గడియారం సెంటర్
సంతకం పెట్టకు. ఇది మామూలు దోపిడీ. ఆరేళ్ల కిందట నల్లగొండలో మా ఇంటి గోడ వానకు కూలితే వచ్చిన మనిషి పది నిమిషాలు కూడా నిలబడలేదు. చెప్పులు విప్పకుండా హాల్లోకి వచ్చాడు, నాలుగు ఫోటోలు తీశాడు, "చూద్దాం" అన్నాడు. ఆ చూడటం ఎనిమిది నెలలు సాగింది. చివరికి గోడ పాతది కాబట్టి నాలుగో వంతు ఇస్తామన్నారు. పాత గోడ అయితే కూలిపోవాలని రాసి ఉంటుందా? నీది ఇంకా అన్యాయం. పద్నాలుగు కొత్త రేకులు కళ్ల ముందు తళతళలాడుతుంటే ఎనిమిది అంటాడా?

పాలమూరు లెక్కలు
నేను ఇరవై రెండేళ్లు సర్వే పని చేసి మానేసినవాణ్ని. కోపం పక్కన పెట్టి వినండి. కొత్త రేకులు పద్నాలుగు ఉన్నాయంటే పద్నాలుగు మార్చారని అర్థం. పద్నాలుగూ గాలికి ఎగిరాయని కాదు. ఆ తేడా తేల్చేది పాత రేకు. దాన్ని అమ్మేసి, నన్ను నమ్మమంటే సర్వేయర్ ఏ కాగితం చూపించి పైవాళ్లకు సమాధానం చెప్పుకోవాలి?

గడియారం సెంటర్
తొమ్మిది రోజులు ఇంట్లో వాన కురుస్తుంటే ముసలివాళ్లు గొడుగు పట్టుకుని మీవాడి కోసం ఎదురుచూడాలా?

పాలమూరు లెక్కలు
ఎదురుచూడమని ఎవరూ చెప్పరు. నష్టం పెరగకుండా చూసుకోవడం ఇంటివాళ్ల బాధ్యతేనని పాలసీలోనే ఉంటుంది. టార్పాలిన్ కప్పుకోవచ్చు, అవసరమైతే రేకులే వేయించుకోవచ్చు. కానీ ముందు నాలుగు దిక్కుల నుంచి ఫోటోలు తీయాలి, తీసేసిన సామాను ఒక మూల పెట్టాలి, మేస్త్రి బిల్లు దాచాలి. ఇందులో కష్టం ఏమిటి?

గడియారం సెంటర్
అవన్నీ ఆ ముసలాయనకు ఎవరు చెప్పారు? పాలసీ కాగితం ఆయన చేతికి ఇచ్చారా? బ్యాంకులో ముప్పై సంతకాల మధ్య ఒక సంతకం అది.

రైస్‌మిల్లు రోడ్డు
మిర్యాలగూడ నుంచి. లోన్‌తో వచ్చే పాలసీ అయితే డబ్బు నేరుగా లోన్ ఖాతాలోకి వెళ్లే అవకాశం ఉంది, చూసుకోండి. కొన్నిటిలో ఇంటి కట్టడానికే బీమా ఉంటుంది, లోపలి సామానుకు ఉండదు.

దేవరకద్ర మేస్త్రి
రేకులు ఎన్ని అన్నది తర్వాత చూద్దాం. కొక్కేలు ప్రతి దూలానికీ వేశారా, ఒకటి విడిచి ఒకటి వేశారా? మా దగ్గర చాలామంది డబ్బు మిగులుతుందని ఒకటి విడిచి ఒకటి వేయమంటారు. గాలికి ముందు పోయేవి అవే.

హాలియా అబ్బాయి
కొక్కేల సంగతి తెలియదు. ఆ సర్వేయర్ ఒక కొక్కెం చేతిలోకి తీసుకుని గోటితో గీకి తుప్పు రాల్చి చూపించాడట. "ఇదిగో పెద్దాయనా, ఇది గాలి పని కాదు, కాలం పని" అన్నాడట. అమ్మ చెప్పింది.

పాలమూరు లెక్కలు
తుప్పు ఉంటే రాస్తారు, అది తప్పు కాదు.

గడియారం సెంటర్
సరే, లెక్కలు సార్, మూడో కోత సంగతి చెప్పండి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఒకటే పద్ధతిలో అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. అందులో తక్కువ విలువకు బీమా చేశారన్న పేరుతో నిష్పత్తి కోత వేయడానికి వీల్లేదు. ఈ అబ్బాయి పాలసీ 2022ది. తొమ్మిది లక్షలు, పదహారు లక్షలు అని భాగహారం చేయడానికి మీవాడికి ఎవరు హక్కు ఇచ్చారు?

ఈ ఒక్క ముక్కకు సూటిగా జవాబు చెప్పండి. ఫోటోల పాఠం వద్దు.

కొల్లాపూర్ మామిడి
ఇప్పుడు పట్టుకున్నావు అన్నా.

పాలమూరు లెక్కలు
పాలసీ మొదటి పేజీ మీద భారత్ గృహ రక్ష అని ఉంటే ఆ కోత తప్పే. ఒప్పుకుంటున్నాను. పాత అగ్ని బీమా పాలసీ అలవాటులో చాలామంది ఇప్పటికీ ఆ భాగహారం చేస్తుంటారు. అబ్బాయీ, సర్వే నివేదిక ప్రతి అడుగు, ఇస్తారు. ఆ కోత తీసేయమని ఒక్క మెయిల్ పెట్టు. అంతమాత్రాన మిగతా రెండూ తప్పయిపోవు.

గడియారం సెంటర్
మూడింట్లో ఒకటి తప్పని తేలాక మిగతా రెండు ఎందుకు నమ్మాలి?

పాలమూరు లెక్కలు
ఇదే మీతో ఇబ్బంది. ఆరేళ్ల నాటి గోడ ఈ రేకుల మీద వేస్తున్నారు.

గడియారం సెంటర్
వేస్తాను. ఆ గోడ కింద మా నాన్న కుర్చీ ఉండేది. అయిదు నిమిషాల ముందే లేచాడు కాబట్టి బతికాడు. మీవాడు ఆ కుర్చీని కూడా ఫోటో తీశాడు, విలువ సున్నా అని రాశాడు.

తాడూరు
గాలివాన అంటే రేకుల లెక్కే కాదు. 2024 మే 26న మా మండలంలో ఇంద్రకల్ దగ్గర కడుతున్న షెడ్డు కూలి నలుగురు పోయారు. మనుషులు బాగున్నారు కదా అబ్బాయీ?

హాలియా అబ్బాయి
బాగున్నారు అన్నా.

రైస్‌మిల్లు రోడ్డు
ఆర్‌ఐ, అదే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, వచ్చి పంచనామా రాశారా? పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 2022-26 విపత్తు సహాయ నిబంధనల్లో ఉన్నది 6,500, అదీ కనీసం పదిహేను శాతం దెబ్బతింటే. ఆ డబ్బు ఎందుకూ చాలదు కానీ అందులో రేకుల సంఖ్య ఉంటే క్లెయిమ్‌కు పనికొస్తుంది.

హాలియా అబ్బాయి
రాశారు. "పైకప్పు పాక్షికంగా దెబ్బతిన్నది" అని ఉంది. సంఖ్య లేదు.

పాలమూరు లెక్కలు
ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. పద్నాలుగు రేకులు, కూలి, ఒకవైపు పిట్టగోడ. ఎలా లెక్కేసినా 2,10,000 రావడం లేదు. ఆ ఎస్టిమేట్ ఎవరు రాశారు?

హాలియా అబ్బాయి
మా బావ రాశాడు, కాంట్రాక్టు పనులు చేస్తాడు. ఇరవై నాలుగు రేకులకూ, మూడు వైపుల పిట్టగోడకూ, ఇల్లంతా రంగుకూ కలిపి వేశాడు. ఎంత రాసినా సగం కోస్తారు, కాబట్టి రెట్టింపు రాయాలి అన్నాడు. అందరూ అలాగే చేస్తారు కదా?

పాలమూరు లెక్కలు
అదీ సంగతి. ఇంత సేపూ ఇది కదా చెప్పాల్సింది! ఇంకొకటి తెలుసా? నష్టం లక్ష రూపాయల లోపు అయితే లైసెన్సు ఉన్న సర్వేయర్‌ను పెట్టి తీరాలన్న నియమమే లేదు. నిజంగా అయినంత రాసి ఉంటే ఫోటోలూ బిల్లులూ చూసి ముగించేవారేమో. రెండు లక్షలు రాసి సర్వేయర్‌ను ఇంటికి పిలిపించుకున్నది మీరే. కూలని గోడకు కూలి అడిగిన కాగితం చేతిలో పట్టుకుని వచ్చినవాడు మీ రేకుల సంఖ్యను ఎందుకు నమ్ముతాడు?

గడియారం సెంటర్
ఓహో, ఇప్పుడు దొంగతనం అబ్బాయి మీదికి వచ్చిందా? కూరగాయల అంగట్లో కూడా బేరం ఉంటుంది. వాళ్లు కోస్తారని తెలిసి పెంచి రాశారు. అది మోసం ఎట్లా అవుతుంది? ముందు కోయడం మానేయమనండి, మేము పెంచడం మానేస్తాం.

పాలమూరు లెక్కలు
అది బేరం కాదు. అబద్ధం మీద సంతకం. మోసం అని తేలితే వచ్చే ఆ కొంచెమూ రాకుండా మొత్తం క్లెయిమ్ కొట్టేయవచ్చు. ఇరవై రెండేళ్లలో నిజం రాసిన కాగితాలు వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆ కొద్దిమంది విషయంలో నేను ఒక్క రూపాయి కోయలేదు. కానీ వాళ్లెవరూ వేదికల మీదికి వచ్చి నా గురించి రాయరు.

గడియారం సెంటర్
మేము నిజమే రాశాం. మాకు నాలుగో వంతే వచ్చింది. ఆ వేళ్లలో మా వేలు లేదు.

హాలియా అబ్బాయి
మీరిద్దరూ ఆపండి. నాకు డబ్బు గొడవ కాదు. ఆ సర్వేయర్ మెట్లు దిగుతూ నాన్నను "గాలి లేపిందా, మీరే లేపారా?" అని నవ్వుతూ అడిగాడట. నాన్న నలభై ఏళ్లు పాలకేంద్రంలో లెక్కలు రాశాడు, ఒక్కరోజు పైసా తేడా రాలేదు. అప్పటి నుంచి ఈ మాట ఎత్తితే ఫోన్ అమ్మకు ఇచ్చేస్తున్నాడు. నేను కొట్లాడాలనుకున్నది అందుకు.

జడ్చర్ల టీచర్
మొదటి నుంచీ చదువుతున్నాను. మీ బావ ఏమన్నాడో చెప్పారు, అమ్మ ఏమన్నదో చెప్పారు. నలభై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి ఆ రేకుల లెక్క ఎక్కడో ఒకచోట రాసుకోకుండా ఉంటాడా? ఫోన్‌లో కాదు, ఊరికి వెళ్లి అడగండి.

దేవరకద్ర మేస్త్రి
టీచరమ్మ మాట సరైనది.

హాలియా అబ్బాయి
నిన్న రాత్రి ఊరికి వచ్చాను. క్యాలెండర్ మే నెల కాగితం వెనుక అంతా రాసి ఉంది. ఏ దూలం మీద ఏ రేకు, పొడవు ఎంత, ఎప్పుడు కొన్నది, కొత్తది ఎంతకు వచ్చింది, కూలి ఎంత. మా బావ కాగితం చూపిస్తే నాన్న ఒక చూపు చూసి పక్కన పెట్టేశాడు. అది తనకు చూపించకుండానే పంపామని అప్పుడు తెలిసింది.

ఇంకొకటి. రేకులు అమ్మలేదట. తొమ్మిది పక్కింటివాళ్ల బర్రెల కొట్టానికి ఇచ్చాడు, గాలికి వాళ్ల కప్పు మొత్తం పోయింది. మిగతా అయిదు ముక్కలై బావి దగ్గర పడి ఉన్నాయి. బీమా వాళ్లు పాత సామాను తమదంటారని ఎవరో చెప్పారట. చెబితే కొట్టం మీది రేకులు పీక్కుపోతారని అమ్మేశానన్నాడు. నాన్న అబద్ధం చెప్పడం నేను చూడటం ఇదే మొదటిసారి.

పాలమూరు లెక్కలు
పీక్కుపోరు. పాత ఇనుము విలువ ఎంతో కొంత తగ్గిస్తారు, అంతే. నీ దగ్గర ఇప్పుడు అసలైన ఆధారం ఉంది. కొట్టం ఎక్కి ప్రతి రేకుకూ కొక్కెం రంధ్రం దగ్గర నుంచి ఫోటో తీయి. మనిషి బోల్టు విప్పి తీసిన రేకుకు రంధ్రం గుండ్రంగానే ఉంటుంది. గాలి లాగిన రేకుకు రంధ్రం ఒక పక్కకు చీలి, కన్ను సాగదీసినట్టు ఉంటుంది, అంచు పైకి లేచి ఉంటుంది. ఏ సర్వేయర్ అయినా దాన్ని కాదనలేడు. ఫోటోలు పెట్టి మళ్లీ వచ్చి చూడమని రాయి.

గడియారం సెంటర్
మంచి మాట. ఇంత సేపటికి. మళ్లీ రాకపోతే కంపెనీకి ఫిర్యాదు రాసి ముప్పై రోజులు చూడు. తర్వాత హైదరాబాదులో ఇలాంటి ఫిర్యాదులు తేల్చే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సర్వేయర్ నివేదిక ఆఖరి మాట కాదని 2009లో సుప్రీంకోర్టే ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది. ఒకవేళ సంతకం పెట్టినా ఆ కాగితం అడ్డు చూపించి నిన్ను కోర్టుకు వెళ్లకుండా ఆపకూడదని 2015లో ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది.

హాలియా అబ్బాయి
పొద్దున్నే కొట్టం ఎక్కాను. బావి దగ్గరి అయిదూ చీలినవే. కొట్టం మీద తొమ్మిదిలో ఏడు చీలి ఉన్నాయి. రెండింటికి రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయి.

గడియారం సెంటర్
పద్నాలుగే రాయి. ఆ రెండు ఎవరు చూస్తారు?

పాలమూరు లెక్కలు
చూస్తారు.

దేవరకద్ర మేస్త్రి
రెండు పక్కలా రేకులు లేచిపోతే మధ్యది వదులవుతుంది. నాన్నగారు ఊడిపోతాయని ముందే విప్పి ఉంటారు. అదీ గాలి నష్టమే, అలాగే రాయవచ్చు.

గడియారం సెంటర్
చూశారా! మేస్త్రి కూడా పద్నాలుగే అంటున్నాడు.

దేవరకద్ర మేస్త్రి
నేను అన్నది వేరు. ఎగిరినవి పన్నెండు, విప్పినవి రెండు అని విడివిడిగా రాయమన్నాను.

హాలియా అబ్బాయి
మేస్త్రి చెప్పినట్టే రాసి పంపాను. ఒక వైపు పిట్టగోడ, నాన్న రాసిన కూలి, రంగు లేదు. మొత్తం 87,600. భాగహారం కోత తీసేయమని కూడా అడిగాను. బావ మూడుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఆ రెండు రేకుల సంగతి మాత్రం నాన్నకు ఇంకా చెప్పలేదు.

కొల్లాపూర్ మామిడి
క్యాలెండర్ మీద ఉండే ఉంటుంది, చూడు.