కరోనా కేసులను ఎక్కువగా లెక్కించారా, తక్కువగా లెక్కించారా?

పటమట వాసి:
2021లో దేశమంతటా నమోదైన మరణాల వివరాలు 2025 మే నెలలో వెలువడ్డాయి. 2020లో సుమారు 81 లక్షలుగా ఉన్న మరణాలు 2021లో 1 కోటి 2 లక్షలు దాటాయి. ఆ ఏడాది కరోనా వల్ల చనిపోయినవారని ప్రభుత్వం లెక్క తేల్చింది దాదాపు 3.3 లక్షల మందిని మాత్రమే. నమోదు మెరుగుపడడం వల్ల కొంత పెరిగి ఉండవచ్చు గానీ, ఒక్క ఏడాదిలో 20 లక్షలకు పైగా పెరగడానికి అదొక్కటే కారణమంటే నేను నమ్మలేను. కేసులనూ మరణాలనూ తక్కువగానే లెక్కించారని నా అభిప్రాయం.

వన్‌టౌన్ వ్యాపారి:
ఎక్కువగా లెక్కించారన్నది నా అనుభవం. 2020 జులై చివర్లో మా అబ్బాయికి జ్వరం గానీ దగ్గు గానీ లేకుండానే పాజిటివ్ అన్నారు. అడిగి తెలుసుకుంటే సీటీ 34 అని చెప్పారు. ఐదో రోజున డబ్బు కట్టి మళ్ళీ చేయిస్తే నెగెటివ్ వచ్చింది. అప్పటికే మా వీధికి అడ్డంగా కర్రలు కట్టేశారు, శ్రావణమాసపు బేరం మొత్తం పోయింది. ఇటువంటి కేసులు ఆ లెక్కలో ఎన్ని ఉన్నాయో ఎవరైనా చెప్పగలరా?

బ్రాడీపేట:
సీటీ 34 ఎలా వస్తుందండీ? అది 25కే కదా లెక్కించేది. మా అమ్మకు 18 వచ్చిన రెండో రోజునే ఆక్సిజన్ పెట్టవలసి వచ్చింది.

ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు:
మీరిద్దరూ రెండు వేర్వేరు సీటీల గురించి మాట్లాడుతున్నారు. అమ్మగారిది ఊపిరితిత్తుల స్కాన్‌లో ఇచ్చే స్కోరు. అది 25కు ఎంత పెరిగితే జబ్బు అంత ఎక్కువ. వ్యాపారిగారు చెప్పినది ముక్కులోంచి తీసిన నమూనాలో వైరస్ జన్యుపదార్థం కోసం ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్షలో యంత్రం ఎన్నో ఆవృత్తిలో వైరస్ జాడను పట్టుకున్నదో తెలిపే అంకె. అది ఎంత పెరిగితే నమూనాలో వైరస్ అంత తక్కువ. ఒక్కో ఆవృత్తికి జన్యుపదార్థం రెట్టింపవుతుంది కాబట్టి 24కూ 34కూ మధ్య సుమారు వెయ్యి రెట్ల తేడా ఉంటుంది. 2021 ఏప్రిల్‌లో మహారాష్ట్ర, పాజిటివ్ అనడానికి పెట్టుకున్న ఈ అంకె హద్దును 24కు తగ్గించవచ్చా అని అడిగితే, అలా చేస్తే సోకినవారు చాలామంది జారిపోతారని, 35 వరకు పాజిటివ్‌గానే చూడాలని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ చెప్పింది.

వన్‌టౌన్ వ్యాపారి:
వెయ్యి రెట్లు తక్కువ వైరస్ ఉన్నవాడినీ, ఊపిరాడనివాడినీ ఒకే కేసుగా లెక్కించారని మీరే ఒప్పుకుంటున్నారు. ఆ పరీక్షకు మూలమైన పీసీఆర్ పద్ధతిని కనిపెట్టిన క్యారీ మల్లిస్ కూడా దానితో జబ్బును నిర్ధారించకూడదని అన్నారు కదా?

ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు:
ఆయన 2019 ఆగస్టులోనే మరణించారు. ఆ మాటలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందా అన్న వివాదంలో అన్నవి. ఇక 34 అంటే వైరస్ అప్పుడే మొదలవుతూ ఉండవచ్చు, తగ్గిపోతూ ఉండవచ్చు, లేదా ముక్కులో పుల్ల సరిగా తిప్పకపోయి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏదో ఆ ఒక్క అంకె చెప్పలేదు. ఐదో రోజు నెగెటివ్ వచ్చినంత మాత్రాన మొదటిది తప్పని తేలదు.

మంగళగిరి:
నిమిషాల్లో ఫలితం చెప్పే ర్యాపిడ్ కిట్ల సంగతి ఎవరూ ఎత్తరేం?

ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు:
ఎత్తవలసిందే. 2020 జూన్‌లో వాటిని అనుమతించినప్పుడు, నిజంగా సోకినవారిలో 50.6 నుంచి 84 శాతం మందినే అవి పట్టుకుంటాయని ఐసీఎంఆర్ ప్రకటించింది. లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేసి తీరాలని కూడా చెప్పింది.

పటమట వాసి:
రక్తంలో యాంటీబాడీలను బట్టి ఎంతమందికి సోకిందో అంచనా వేసే రెండో జాతీయ సీరో సర్వే 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జరిగింది. దాని ప్రకారం, నమోదైన ఒక్కో కేసుకు 26 నుంచి 32 మందికి వాస్తవంగా సోకింది. లెక్క తక్కువన్నదానికి ఇంకేం కావాలి?

వన్‌టౌన్ వ్యాపారి:
అంతమందికి సోకినా తెలియకుండానే తగ్గిపోయిందంటే, దానికోసం వీధులు మూయడం ఎందుకు?

బ్రాడీపేట:
మీకు పోయింది ఒక నెల బేరం. 2021 మే నెలలో మాకు మా అమ్మ పోయింది. ర్యాపిడ్ నెగెటివ్, తొమ్మిదో రోజున తీసిన ఆర్‌టీపీసీఆర్ కూడా నెగెటివ్. ఊపిరితిత్తులు తెల్లబడిపోయాయని డాక్టరే చూపించి కరోనా వైద్యం చేశారు, ధ్రువపత్రంలో మాత్రం శ్వాసకోశ వైఫల్యమని రాశారు. కరోనా మృతుల కుటుంబాలకిచ్చే యాభై వేల పరిహారానికి దరఖాస్తు పెడితే పాజిటివ్ కాగితం ఏదని అడిగారు. మీ అబ్బాయి క్షేమంగా ఉన్నాడు కాబట్టి 35 గురించి ఇంత తీరికగా వాదిస్తున్నారు.

వన్‌టౌన్ వ్యాపారి:
నాది బేరం బాధ మాత్రమేనని మీరెలా అన్నారు? ఆ వారాల్లో మా నాన్నకు షుగరు మందు తెచ్చి గుమ్మంలో పెట్టేవారు లేకపోయారు. నెగెటివ్ కాగితం చూపించినా రెండు నెలలపాటు మా అబ్బాయిని చూస్తే ఎదురింటివారు తలుపులు వేసుకున్నారు. పదిహేడేళ్ళ పిల్లవాడు ఆ తర్వాత ఏడాదిదాకా బయటికి రావడానికి జంకాడు. ఒక్క అంకెతో మనిషిని దోషిగా నిలబెట్టారన్నదే నా బాధ.

పటమట వాసి:
ఊరిలో వైరస్ ఎటు పోతున్నదో తెలుసుకోవడానికి మొదలైన లెక్క అది. దానినే ఒక్కో ఇంటి మీద తీర్పుగా వాడడం దగ్గరే ఇద్దరికీ దెబ్బ తగిలిందని, మీ ఇద్దరి మాటలూ చదివాక నాకు అర్థమైంది. నేను కూడా మరణాల లెక్క పట్టుకుని మీ ఇళ్ళ సంగతి చూడలేదు.

ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు:
బ్రాడీపేటవారికి ఒక మాట. సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత ఎవరిది కరోనా మరణంగా ధ్రువీకరించాలో చెబుతూ 2021 సెప్టెంబరులో వచ్చిన మార్గదర్శకాలలో, పరీక్షలో పాజిటివ్ వచ్చినవారితోపాటు, ఆసుపత్రిలో చేర్చుకుని వైద్యులు పరిశీలించి కరోనా అని నిర్ధారించినవారు కూడా ఉన్నారు. ధ్రువపత్రంపై అభ్యంతరాలు వినడానికి జిల్లా కమిటీలు పెట్టమన్నారు. కేస్ షీటూ స్కాన్ రిపోర్టూ ఉంటే జాగ్రత్త చేయండి.

బ్రాడీపేట:
రెండూ ఉన్నాయి. యాభై వేల కోసం కాదండీ. కరోనాతో పోయినవారి లెక్కలో మా అమ్మ లేదన్నదే నాకు మింగుడుపడడం లేదు. వ్యాపారిగారూ, ఎక్కువగా లెక్కించారన్న మాట ఇప్పటికైనా సరిదిద్దుతారా?

వన్‌టౌన్ వ్యాపారి:
మీ అబ్బాయి క్షేమమన్న మాట మీరు అనకుండా ఉండవలసింది. కేసుల విషయంలో నా మాట మార్చుకోను, 34 మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. మరణాల విషయంలో మాత్రం సరిదిద్దుకుంటున్నాను. మీ అమ్మగారిని లెక్కలో చేర్చవలసిందే.