విశాఖలో నల్లజాతి చరిత్ర ఉత్సవం: మన ప్రాంతానికి చెందిన చరిత్రగా దేనిని చెప్పాలి?

పెదవాల్తేరు పాఠకురాలు (ప్రశ్న):
ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఆఫ్రికా దేశాల విద్యార్థులతో కలిసి, మా కాలనీ గ్రంథాలయం తరఫున నల్లజాతి చరిత్ర, సంస్కృతులపై ఒకరోజు ఉత్సవం జరపాలనుకుంటున్నాము. ఫిబ్రవరిలో జరపాలని కొందరు, జూన్ 19న జరపాలని మరికొందరు అంటున్నారు. అమెరికాలో ఇటువంటి ఉత్సవాలు ఆ ఊరి నల్లజాతివారి కథనే చెబుతాయని విన్నాను. మరి ఇక్కడ మనం ఎవరి కథ చెప్పాలి? నాలుగు పాటలు, రెండు తినుబండారాల దుకాణాలతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

హ్యూస్టన్ తెలుగు:
అమెరికాలో బానిసల విముక్తి ప్రకటన 1863 జనవరి 1న అమలులోకి వచ్చినా, టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌కు అమెరికా సైన్యాధికారి జనరల్ గ్రేంజర్ వచ్చి ఆ ఉత్తర్వును చాటింది 1865 జూన్ 19న. ఆ రోజు 2021లో జాతీయ సెలవుదినమైంది. మా హ్యూస్టన్‌లో 1872లో, బానిసత్వం నుంచి బయటపడినవారు చందాలు వేసుకుని, ఈ పండుగ జరుపుకోవడానికే పదెకరాల స్థలం కొన్నారు; అదే నేటి ఎమాన్సిపేషన్ పార్క్. ఆ పండుగలో ఎర్రని పానీయం తప్పనిసరి. దాని మూలాలు పశ్చిమ ఆఫ్రికాలో ఎర్రగోంగూర కాయలపై ఉండే రేకలను మరిగించి చేసే పానీయంలో ఉన్నాయని ఆహార చరిత్రకారులు చెబుతారు. మన గోంగూర పుట్టిల్లు ఆఫ్రికాయేనని పిల్లలకు చెబుతూ, ఆ ఎర్రని రేకలను వారి చేతికిచ్చి చూపించండి.

మాసబ్ ట్యాంక్ వాసి:
అమ్మా, మీరు వెతుకుతున్న చరిత్ర తెలుగు నేలమీదే ఉంది. హైదరాబాద్‌లో మా ఇంటి పక్కనున్న ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరులోని మొదటి రెండు అక్షరాలకు ‘ఆఫ్రికన్ కావల్రీ’ అని అర్థం. వనపర్తి రాజా వద్ద ఉన్న ఆఫ్రికా సంతతి సైనికులు నిజాం కొలువులోకి వచ్చి ఆశ్వికదళంగా స్థిరపడ్డారు. 1948లో సంస్థానం విలీనమైన తరువాత దళం రద్దయింది. కొలువులు పోయినా కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. ఆ సిద్దీల (ఆఫ్రికా సంతతివారిని ఇక్కడ ఇలాగే పిలుస్తారు) మనుమలు, మునిమనుమలు నేటికీ మా ఇరుగుపొరుగులే. పెళ్లిళ్లలో వినిపించే మర్ఫా వాద్యంలో యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులతో పాటు వీరి భాగమూ ఉంది.

సిద్దీలనగానే డప్పు పట్టుకుని ఆడేవారిగా పిలిచి, ఆట ముగియగానే శాలువా కప్పి పంపడం నేను చాలాచోట్ల చూశాను. అది నాకు బాధ కలిగిస్తుంది. మీరు మాత్రం ఒక పెద్దాయననో, ఒక అమ్మమ్మనో వక్తగా పిలవండి. ఇంట్లో భద్రపరచిన తాతల ఫొటోలను తెమ్మనండి. రైలు ఛార్జీలతో పాటు గౌరవ వేతనం ముందే చెప్పండి. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, చివరకు అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి 1626లో మరణించిన మలిక్ అంబర్ గురించీ, కర్ణాటకలోని ఎల్లాపురం అడవుల్లో వ్యవసాయం చేసుకుంటున్న సిద్దీల గురించీ ఒక గోడపత్రిక చాలు. మిగిలిన సమయమంతా వారినే మాట్లాడనివ్వండి.

విశ్రాంత అధ్యాపకుడు, మహారాణిపేట:
తేదీ విషయంలో నా మొగ్గు ఫిబ్రవరికే. చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ 1926లో నల్లజాతి చరిత్ర వారోత్సవాన్ని ఆ నెలలోనే ప్రారంభించారు. బానిసల విముక్తి ప్రకటన చేసిన అధ్యక్షుడు లింకన్, బానిసత్వం నుంచి తప్పించుకుని దానిపై పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్‌ల జన్మదినాలు ఆ వారంలో వస్తాయి. మన విశ్వవిద్యాలయం స్థాపించినదీ 1926లోనే కనుక, విద్యార్థులకు చెప్పడానికి అది ఒక మంచి ఆరంభం. పైగా జూన్ ఉక్కపోతలో ఆరుబయట సభ పెడితే పెద్దవారు కూర్చోలేరు.

అయితే, ఆఫ్రికా విద్యార్థులను అమెరికా చరిత్రకు ప్రతినిధులుగా నిలబెట్టకండి. ఇథియోపియా అమ్మాయి కథ వేరు, టాంజానియా అబ్బాయి కథ వేరు. బీచ్ రోడ్డులో అడగకుండానే ఫొటోలు తీసేవారి గురించీ, ఇల్లు అద్దెకు ఇవ్వబోమని ముఖం మీదే చెప్పేవారి గురించీ నా విద్యార్థులు నాతో చెప్పుకున్నారు. ఆ మాట కూడా వేదికపై వినపడితేనే ఈ ఉత్సవం విశాఖది అవుతుంది. కాబట్టి వారిని అతిథులుగా కాక, ఇప్పటినుంచే కమిటీ సభ్యులుగా కూర్చోబెట్టండి.

పెదవాల్తేరు పాఠకురాలు:
అందరికీ కృతజ్ఞతలు. ఫిబ్రవరిలోనే జరుపుతాము. ఉదయం సభ సిద్దీ పెద్దలది, మధ్యాహ్నం సభ విద్యార్థులది; అద్దె ఇళ్ల విషయంపై మా కాలనీ యజమానుల సంఘాన్ని కూడా పిలుస్తాము. మాసబ్ ట్యాంక్ అన్నగారూ, ముందుగా నేనే హైదరాబాద్ వచ్చి ఆ కుటుంబాలను కలిసి అడగడం మర్యాద అనిపిస్తున్నది. మీరు వెంట ఉండగలరా?