బకెట్‌లోని ఫైళ్లను కళ్లతో చూసి సర్దుకోవడం: మీ అనుభవాలు చెప్పండి

పాతపత్రిక:
మా గ్రంథాలయంలోని పాత పత్రికలను స్కాన్ చేసి అమెజాన్ ఎస్3 అనే ఆన్‌లైన్ నిల్వ సేవలో, హైదరాబాద్ రీజియన్‌లో (అంటే అక్కడి డేటా సెంటర్లలో) దాస్తున్నాం. అందులో ఫైళ్లు పెట్టుకునే డబ్బానే బకెట్ అంటారు. ఇన్నాళ్లూ అన్నీ కమాండ్లతోనే. నేను సెలవు పెడితే ఆ రోజు ఒక్క పేజీ కూడా ఎక్కేది కాదు. పోయిన నెల బకెట్‌లోని ఫైళ్లను తెరమీద చూపించే సైబర్‌డక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. స్కానింగ్ చూసే ఆవిడ మొదటి రోజే 300 పేజీలను మౌస్‌తో లాగి బకెట్‌లో వేశారు. నాకు చాలా సంతోషమేసింది. మీరేం వాడుతున్నారు?

పెళ్లివీడియో:
మాది పెళ్లి వీడియోల స్టూడియో. విండోస్‌లో విన్‌ఎస్‌సీపీ అనే అలాంటి సాఫ్ట్‌వేరే వాడతాం. ఎడమవైపు మా డిస్క్, కుడివైపు బకెట్; ఏది ఎక్కింది, ఏది మిగిలింది అని చూడటానికి ఇంతకంటే సుఖం లేదు. ఒకసారి కమాండ్‌లో 2022కు బదులు 2023 అని కొట్టి ఏడాది పనంతా తుడిచేశాను. తీసేసిన ఫైలు పాత ప్రతిని దాచి ఉంచే వెర్షనింగ్ పెట్టి ఉండబట్టి ఫైళ్లన్నీ తిరిగొచ్చాయి. ఆ రాత్రి నిద్ర మాత్రం రాలేదు. అప్పటినుంచి చూడకుండా ఏదీ తీసేయను.

అటక:
పాతపత్రిక గారూ, ఒక్క మాట. తెరమీద కనిపించే ఫోల్డర్లు నిజానికి ఎస్3లో లేవు. ‘1952/మే/పేజీ01’ అన్నదంతా కలిపి ఒకే పేరు. మధ్యలోని గీతలను చూసి సాఫ్ట్‌వేరే ఫోల్డర్లుగా విడదీసి చూపిస్తుంది. అందుకే ఫోల్డర్ పేరు మారిస్తే, లోపలి ప్రతి ఫైలునూ కొత్త పేరుతో నకలు చేసి పాతదాన్ని తీసేయాల్సి వస్తుంది. తెలుగులో పేర్లు పెట్టేవారు ఇంకొకటి గమనించాలి. మొత్తం పేరుకు హద్దు 1024 బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే 18 బైట్లు తింటుంది.

పాతపత్రిక:
అదన్నమాట సంగతి! మొన్న ‘పత్రికలు’ను ‘వారపత్రికలు’గా మార్చబోతే సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. చెడిపోయిందనుకుని మధ్యలో ఆపేశాను. ఇప్పుడు సగం అక్కడ, సగం ఇక్కడ ఉన్నాయి.

అటక:
కంగారు పడకండి. రెండింటినీ పక్కపక్కన తెరిచి, మిగిలినవాటిని లాగి వేయండి. పెళ్లివీడియో గారూ, మీలా పెద్ద ఫైళ్లు ఎక్కించేవారికి వేరే చిక్కు ఉంది. పెద్ద ఫైలు ముక్కలుముక్కలుగా ఎక్కుతుంది. కరెంటు పోయి మధ్యలో ఆగితే, అప్పటికే ఎక్కిన ముక్కలు మామూలు జాబితాలో కనిపించవు, బిల్లు మాత్రం పడుతూనే ఉంటుంది. ఏడు రోజులు దాటిన ముక్కలను తీసేయమని బకెట్‌కు లైఫ్‌సైకిల్ నియమం (గడువు దాటినవాటిని దానంతటదే తీసేసే ఏర్పాటు) పెట్టండి.

పెళ్లివీడియో:
ఇప్పుడే పెట్టాను. చాలా థ్యాంక్సండీ.